నిదానంగా మాట్లాడినందుకు

మా చెల్లెల్ని ఎవరు చంపారో ఈ ఊళ్ళో నాకూ పోలీసులకూ తప్ప అందరికీ తెలుసు.

కూరగాయల కొట్టువాడికి తెలుసు. బస్సులో పక్కసీటు ఆవిడకి తెలుసు. మా వీధి చివరి పళ్ళ డాక్టరుకీ తెలుసు. నా నోట్లో పరికరాలన్నీ పెట్టి, నేను జవాబు చెప్పలేని సమయం చూసి మరీ తన అనుమానం వివరించాడాయన. ఇక నా దుకాణానికి వచ్చేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాది ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించి రంగు వేసే దుకాణం. తలకి రంగు పట్టించాక అది ఆరేదాకా మనిషి కదలడానికి లేదు. చేతులకి పనుండదు, మిగిలేది నోరే. ఏడాదిగా ఆ నోళ్ళకి మా చెల్లెలే మేత.

చెల్లెలు మందుల షాపులో పనిచేసేది. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చింది, మళ్ళీ షాపుకి వెళ్ళలేదు. సాయంత్రం మా మరిది, అంటే దాని మొగుడు, పని నుంచి వచ్చి తలుపు తీసేసరికి వంటింట్లో పడి ఉంది. తాళం ఎవరూ పగలగొట్టలేదు, ఇంట్లో వస్తువేదీ పోలేదు. పోలీసులు చెప్పగలిగింది అంతవరకే. ఎప్పుడు వెళ్ళి అడిగినా ఇన్‌స్పెక్టరుగారు కుర్చీ చూపించి, విచారణ జరుగుతోందమ్మా అంటారు. ఆ మాట విని విని, ఈమధ్య ఆయన నోరు తెరవకముందే నేనే అనేస్తున్నాను.

పోలీసులకి ఏమీ దొరక్కపోయేసరికి జనం తలా ఒక చెయ్యి వేశారు. మందుల షాపు కాబట్టి నకిలీ మందుల ముఠా పనే అన్నారు కొందరు. తలుపు తనే తీసి ఉంటుంది కాబట్టి తెలిసినవాడే అన్నారు ఇంకొందరు. ఎలాంటి తెలిసినవాడో నోటితో అనలేదు, కళ్ళతో అన్నారు. ఒక రిటైరైన టీచరమ్మ చెల్లెలి ఇంటి పటం కాగితం మీద గీసుకొచ్చి, వంటింటి కిటికీ ఎటువైపో కాస్త చెప్పమంది. పటంలో స్నానాలగది లేదు. మా చెల్లెలు స్నానం చెయ్యదనుకున్నారా అని అడిగాను. ఆవిడ ఏమీ అనుకోకుండా పెన్సిలు తీసి ఒక మూల స్నానాలగది కూడా గీసుకుంది.

అవన్నీ ఒక ఎత్తు, ఫోను రికార్డింగు ఒక ఎత్తు. ఆ సాయంత్రం మరిది పోలీసులకి చేసిన ఫోనుని ఎవరో పుణ్యాత్ముడు బయటపెట్టాడు. అందులో మరిది ఎక్కడా ఏడవడు. నా భార్య వంటింట్లో పడి ఉంది, ఊపిరి లేదు, తలకి దెబ్బ ఉంది, ఇల్లు మూడో అంతస్తు, మెట్లు ఎడమవైపు అని ఒక్కొక్క మాటే విడివిడిగా చెబుతాడు. అవతలివాళ్ళు అర్థం కాలేదంటే విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచీ చెబుతాడు. ఇంకేముంది, ఊరికి హంతకుడు దొరికేశాడు. పెళ్ళాం అలా పడి ఉంటే మొగుడన్నవాడు ఇంత నిదానంగా మాట్లాడతాడా అని ఒకటే గోల. వీడియోలు చేసేవాడొకడు ఆ రికార్డింగుని ముక్కలు ముక్కలుగా ఆపి, ప్రతి ముక్క దగ్గరా కనుబొమలు ఎగరేసి, ఇక్కడ గమనించారా అంటాడు. నేను వాడికి కనుబొమలవాడని పేరు పెట్టాను. వాణ్ణి లక్షలమంది చూశారు. ఆ లక్షల్లో మా అమ్మ కూడా ఉంది.

మా మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యలో ఆగిన లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే అతను ముందు చేసే పని పనిముట్లు తీయడం కాదు, మాట్లాడటం. లోపలివాళ్ళు అరుస్తారు, తలుపులు గుద్దుతారు, సందులోంచి బయటికి దూకబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. బయటివాడి గొంతు వణికిందా, లోపలివాళ్ళు మరీ పిచ్చెత్తిపోతారు. ఒకసారి నేనూ ఇరుక్కున్నాను. నేను మీ పైనే ఉన్నా వదినా, గాలి ఆడుతోంది, గోడకి ఆనుకుని కూర్చోండి అని చెబుతూనే ఉన్నాడు, నేను అతన్నీ అతని కంపెనీనీ కలిపి తిట్టిపోస్తున్నా సరే. దిగాక చూస్తే చొక్కా చెమటకి తడిసి ముద్దయి ఉంది. అతనికి ఎంత భయమేస్తే గొంతు అంత నిదానిస్తుంది. ఇన్నేళ్ళ పని అలా అలవాటు చేసింది. చెల్లెల్ని అలా చూసిన క్షణంలోనూ ఆ గొంతే వచ్చింది. వేరే గొంతు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

పోనీ నా మాట నమ్మొద్దు. ఆ రోజంతా అతను ఊరి అవతల ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు గుంతలో పనిచేస్తున్నాడు. పక్కన ఇద్దరు తోటి మెకానిక్కులున్నారు, పైన కెమెరాలున్నాయి. అతని మీద మాకు అనుమానం లేదని పోలీసులే చెప్పారు. చెబితే ఏం లాభం, కనుబొమలవాడు దానికీ కనుబొమలు ఎగరేశాడు. ఇంత గట్టి సాక్ష్యం మామూలువాడికి ఉంటుందా, ముందే సిద్ధం చేసుకున్నాడన్నమాట అని. సాక్ష్యం లేకపోతే దోషి, ఉంటే ఇంకా పెద్ద దోషి. ఇలాంటివాళ్ళతో ఎలా వేగాలో నాకైతే తెలీదు.

ఒకావిడైతే, నేను సగం జుట్టు కత్తిరించాక అద్దంలో నన్ను చూస్తూ, మీ మరిది గొంతు విన్నానండీ, ఏమో బాబూ నాకు ఒళ్ళు జలదరించింది అంది. కత్తెర బల్ల మీద పెట్టి లేవమన్నాను. మిగతా సగం మాటేమిటంది. అది కనుబొమలవాడి దగ్గర చేయించుకోమన్నాను. ఆవిడ అద్దంలో తన తల చూసుకుని బావురుమంది. చివరికి నేనే మళ్ళీ కూర్చోబెట్టి, పళ్ళు నూరుకుంటూ పూర్తిచేసి పంపాను. జుట్టు కోసం అంత ఏడవగలిగింది కాబట్టి ఆవిడ హత్య చేసే మనిషి కాదని మాత్రం తేలింది.

ఊరివాళ్ళని ఎలాగో పడుతున్నాను. పడలేనిది మా అమ్మని. చెల్లెలి కూతురు ఎనిమిదేళ్ళది, దాన్ని బుడంకాయ అని పిలుస్తాం. తల్లి పోయిన రోజునుంచీ అది అమ్మమ్మ దగ్గరే ఉంది. మరిది ఆ ఇల్లు ఖాళీచేసి, ఇంకోచోట రెండు గదులు తీసుకుని కుదుటపడేదాకా అనుకున్నాం. అతను కుదుటపడ్డాడు, పిల్లని పంపమన్నాడు. అమ్మ పంపనంది. ఆదివారాలు అతను వస్తే తండ్రీకూతుళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. పార్కుకి తీసుకెళ్ళి తీసుకొచ్చాడంటే, పిల్ల చేతులు పైకెత్తించి ఎక్కడైనా దెబ్బలున్నాయేమోనని వెతికేది. బుడంకాయ అదేదో ఆటనుకుని, నాన్న వెళ్ళగానే తనే చేతులెత్తి గిరగిరా తిరిగేది.

కోర్టుకి వెళ్ళమని నేనే మరిదికి చెప్పాను. వెళ్ళనన్నాడు. అత్తయ్యకి కూతురు పోయింది, ఇప్పుడు నేను మనవరాల్ని కూడా లాక్కుంటానా అన్నాడు. ఇంతలో బడి తెరిచే రోజులొచ్చాయి. బుడంకాయ తన బట్టలు తనే సంచిలో కుక్కుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఎంత బతిమాలినా లోపలికి రాదు, అన్నం తినదు. అమ్మ నాకు ఫోన్ చేసింది. దుకాణానికి తాళం వేసి, ఇవాళ అటో ఇటో తేల్చేద్దామని వెళ్ళాను.

అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. వెళ్తూనే అరిచాను. పోలీసులు వదిలేసినవాణ్ణి నువ్వెందుకు వదలవు, పొద్దస్తమానం ఆ వీడియోలు చూసి బుర్ర పాడుచేసుకున్నావు అన్నాను. అమ్మ అరవలేదు.

"అతను కాదంటావు. సరే. మరెవరే?"

నాకు తెలీదన్నాను.

"ఒక్క పేరు చెప్పు. ఎవరిదైనా సరే. ఈ పూటే పంపించేస్తాను."

నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. అమ్మకి కూతురు పోయింది. పొట్టనపెట్టుకున్నవాడికి పేరు లేదు, మొహం లేదు. పొద్దున లేచి శాపనార్థాలు పెట్టడానికైనా ఒక మనిషి కావాలి కదా ఆవిడకి. పోలీసులు ఇవ్వలేని ఆ మనిషిని కనుబొమలవాడు తెచ్చి ఇచ్చాడు. నేనేమో వచ్చి లాక్కుంటున్నాను.

"తెలీదమ్మా. ఎప్పటికీ తెలియకపోవచ్చు. అందాకా దానికి నాన్న లేకుండా చేస్తావా?"

అమ్మ కత్తి పక్కన పెట్టి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కళ్ళనీళ్ళు ఉల్లిపాయలవో కావో చెప్పలేను.

"తీసుకెళ్ళు. నీ పూచీ మీద పంపుతున్నాను. దానికేమన్నా అయితే నేను అతన్ని అడగను. నిన్ను అడుగుతాను."

పూచీయే కదా అనుకున్నాను. ఏడాదిగా ఊరంతటి ముందూ నేను చేస్తున్న పని అదే. సంచి భుజాన వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

మరిది రెండో గదికి కొత్తగా సున్నం వేయించాడు. కిటికీ పక్కన చిన్న మంచం, దాని పక్కన తనే చేసిన పుస్తకాల అర. మంచం కాళ్ళు కాస్త కోసి ఎత్తు తగ్గించాడు, పిల్ల పడితే దెబ్బ తగలకుండా. బుడంకాయ సంచి గిరాటేసి మంచమెక్కి గెంతింది. అతను నవ్వాడు. ఏడాది తరవాత ఆ నవ్వు చూశాను. ముగ్గురం కూర్చుని అన్నం తిన్నాం. పిల్ల అడక్కుండానే మారు పెట్టించుకుని తింది. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

నేను బయల్దేరతాననేసరికి అతను మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు. నేను మంచం మీద కూర్చుని పిల్ల జుట్టు దువ్వుతున్నాను. అలా దువ్వుతూ దువ్వుతూ, గొంతు తగ్గించి అన్నాను.

"రాత్రిపూట భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి తల్లీ. ఎంత రాత్రయినా సరే. నాన్నకి చెప్పక్కర్లేదు."

"ఎవరంటే భయం పెద్దమ్మా?"

మామూలుగానే అడిగింది, కుక్కంటేనా, పిల్లి అంటేనా అన్నట్టు. జవాబు కోసం తలెత్తితే, గుమ్మంలో నీళ్ళ గ్లాసుతో మరిది.

నాకు అతని మీద అనుమానం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను. మరి ఆ మాట నా నోట ఎలా వచ్చింది? అమ్మకిచ్చిన పూచీ నాచేత పలికించిందో, ఏడాదిగా విన్నదంతా నాకు తెలియకుండానే నాలో చేరి కూర్చుందో. సిగ్గుతో చచ్చిపోయాను. అతను కోప్పడితే బాగుండేది, కాళ్ళు పట్టుకునైనా క్షమించమనేదాన్ని.

అతను కోప్పడలేదు. గ్లాసు నా పక్కన పెట్టి, పనిసంచిలోంచి పెన్సిలు తీశాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఆ కొత్త సున్నం మీద, పిల్ల పడుకుంటే కంటికి ఎదురుగా వచ్చేచోట, నా ఫోన్ నంబరు పెద్ద పెద్ద అంకెలతో రాశాడు.

"చీకటంటేనమ్మా," అన్నాడు కూతురితో. "భయమేస్తే పెద్దమ్మకి చెయ్యి. నా ఫోన్ రోజూ నీ దగ్గరే పెడతాను. నన్ను లేపక్కర్లేదు."

బుడంకాయ వేలు పెట్టి అంకెలన్నీ గట్టిగా చదివింది. అతను లేచి, నా వైపు తిరిగాడు.

"సరిగ్గానే రాశానా వదినా?"

ఒక్కొక్క అంకె చూసి, సరిగ్గానే ఉందన్నాను.