పొట్ట మీద గీత

ఒమాన్ దేశంలో డాక్టర్లందరికీ పాఠం చెప్పిన గురువు ఎవరయ్యా అంటే, మా ఆర్మూరు దిక్కు షట్టరింగ్ మేస్త్రీ లింబాద్రి. నాలుగో తరగతి తప్పినవాడు. కాలేజీ పిల్లలు నవ్వుకోండి, మీరు నవ్వితే నాకు హుషారు. కూలి చేసేవాళ్లు మాత్రం నవ్వకండి. ఇది మీ పొట్ట సంగతి.

అల్ మవాలేలో వాళ్ల కంపెనీ క్యాంపు. లింబాద్రికి కింది మంచం, గంగన్నకు పై మంచం. ప్రతి గురువారం ఏసీ బస్సొకటి వచ్చి, పదీ పన్నెండు మందిని డాక్టర్లను తయారుచేసే కేంద్రానికి తీసుకుపోయేది. అక్కడ చొక్కా విప్పి పడుకోవాలి. చదువుకునే పిల్లలు వచ్చి నొక్కుతారు, తడతారు, గొట్టం పెట్టి వింటారు. రోగులను తోడు పెట్టుకుని డాక్టర్లకు ఎలా నేర్పాలో పరిశోధన అట. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. లేచాక లబన్ అనే మజ్జిగ సీసా ఒకటి, రెండు బిస్కెట్ పొట్లాలు. మనవాళ్లు దానికి పేషెంట్ డ్యూటీ అని పేరు పెట్టుకున్నారు.

మండే ఎండలో ఇనుము మోసేవాడికి చల్లటి గదిలో పడుకోవడమే డ్యూటీ అయితే వద్దనేదెవడు? వంతుల కోసం తగువులాడుకున్నారు. గంగన్నకు మాత్రం వంతు లేదు, ప్రతి వారం ఆయనే కావాలి. ఎడమ పక్కటెముకల కింద ఏదో గట్టిగా చేతికి తగులుతుందట. పిల్లలు ఆ మంచం దగ్గర వరస కట్టేవారు.

"నా పొట్టకు మస్తు గిరాకున్నదిరా లింబాద్రీ! నా పెండ్లాం శాంతవ్వ సుత ఇంత పావురంగ ముట్టలే."

"ఏమున్నదట అండ్ల?"

"ఎవలు జెప్పిండ్రు? ముట్టుడు, తలకాయ ఊపుడు, రాసుకునుడు."

నొప్పి ఉందని గంగన్న ఎక్కడా అనలేదు. ఎవరడిగినా "ఏం లేదు సార్, మంచిగున్న" అనడం ఆ క్యాంపులో అందరికీ అలవాటు. అన్‌ఫిట్ అని రాశారంటే మర్నాడే ఇంటికి టికెట్.

ఆ గట్టిదనం ఎక్కడిదాకా ఉందో పిల్లలు నల్ల పెన్నుతో గీత గీసేవారు. గంగన్న దాన్ని కడుక్కోకుండా రూముకు తెచ్చి, బనీను ఎత్తి అందరికీ చూపించేవాడు. ఒక శుక్రవారం లింబాద్రి చూపు ఆ గీత దగ్గర ఆగిపోయింది. గీతల మీద బతికే మనిషి. గీత వేలెడు తప్పితే స్లాబు వంకరపోతుంది. రెండు నెలల కింద ఆ గీత గంగన్న పుట్టుమచ్చకు పైన ఉండేది. ఇప్పుడు మచ్చకు కింద ఉంది. జేబులోంచి టేపు తీసి కొలిచాడు.

"అన్నా, గిది పెరుగుతున్నది."

"పెరగనియ్. జీతం పెరగకున్నా నా దాంట్ల ఏదో ఒకటి పెరుగుతున్నది గద."

లింబాద్రికి నవ్వు రాలేదు. పై గురువారం అక్కడి నర్సు జువేరియాను పట్టుకుని అడిగాడు. కడప పిల్ల. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నేను చెప్పినానని అనొద్దన్నా, నా ఉద్యోగం పోతాది. మనూళ్లల్లో కడుపులో బల్ల అంటారే, ప్లీహం వాచేది, అది. అంత పెరిగిందంటే రక్తంలో పెద్ద జబ్బే ఉండాది. మొదటి వారమే కనిపెట్టినారు. బరువు మోయగూడదు, దెబ్బ తగలగూడదు అని మీ కంపెనీకి కాగితం పంపినారు. మందులు వాడతాండాడనే అనుకుంటి."

"మరి గిన్ని వారాలు ఆయినెకు ఒక్కలన్న జెప్పద్దా?"

"పరీక్షకు గూడా ఆయన్నే పెట్టుకున్నారన్నా. అంత బాగా చేతికి దొరికే కేసు మళ్లీ రాదంట."

చూశారా! తొమ్మిది మంది పిల్లలు జబ్బు పట్టుకున్నారు. తొమ్మిది మందికీ మార్కులు వచ్చాయి. గంగన్నకు లబన్ వచ్చింది.

కాగితం క్యాంప్ బాస్ తౌసీఫ్ సొరుగులో ఉంది. హైదరాబాద్ మనిషి, నున్నటి మాటలు.

"అరె భాయ్, స్లాబ్ అయిపోనీ, ఇంటికి పంపిద్దాం. మనిషి నడుస్తుండు, తింటుండు, ఇంకేం కావాలె?"

"బరువు మోయద్దని రాసిండ్రట గద?"

"ఇంగ్లీష్‌ల ఏం రాసిండ్రో నీకెందుకు? పో, డ్యూటీకి పో."

సోమవారం గంగన్న షట్టరింగ్ పలక మోస్తూ పరంజా మీంచి జారాడు. పడింది మనిషి ఎత్తు నుంచి కూడా కాదు. ఎడమ పక్క తగిలింది. లేచి నిలబడి దుమ్ము దులుపుకున్నాడు. ఫోర్‌మన్ అడిగితే "ఏం లేదు సార్, మంచిగున్న" అన్నాడు. గంట గడవకుండానే, లోపల ఆ బల్ల పగిలి, ప్రాణం పోయింది.

ఆ గురువారం పేషెంట్ డ్యూటీ లేదు. పరిశోధన ఫలితాలు చెప్పే సభ ఖురంలో, పెద్ద హోటల్లో. చప్పట్లకు మనుషులు కావాలి గనుక పద్నాలుగు మందిని పిలిచారు. ముందురోజు రూములో గొడవ మొదలైంది.

"నోరు తెరిస్తే వీసా క్యాన్సిల్ జేస్తరు," అన్నాడొకడు.

"తెర్వకుంటే ఏమైతదో గంగన్నను అడుగు," అన్నాడు లింబాద్రి.

"మనకు ఇంగ్లీషొస్తదా మాట్లాడనీకె?"

"గీత గీసుడు వస్తది గద."

బస్సులోనే సైట్ మార్కర్ చేతులు మారింది.

వేదిక మీద 'రోగుల ప్రతినిధి' అని చీటీ పెట్టిన కుర్చీ ఉంది. అందులో టై కట్టుకుని తౌసీఫ్! జీవితంలో జలుబు కూడా చేయని మనిషి. ఆ కేంద్రం పెద్ద మేడమ్ మైకులో "మా పాఠాల్లో రోగులు భాగస్వాములు" అనగానే చప్పట్లకు బదులు పద్నాలుగు మంది లేచారు. చొక్కాలు ఎత్తారు. పద్నాలుగు పొట్టలు, పద్నాలుగు నల్ల గీతలు, అన్నీ పక్కటెముకల కింద ఒకేచోట.

"ఇండ్ల గంగన్న ఎవలు? జెప్పుండ్రి!" అని అరిచాడు లింబాద్రి.

ఎవరూ పిలవకుండానే జువేరియా ముందుకొచ్చి, ఆ మాట ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. మేడమ్ కళ్లజోడు సవరించుకుంది. ఒక కుర్రాడు సందేహంగా లింబాద్రినే చూపించాడు. ఒక అమ్మాయి లేచింది. "వీళ్లలో లేరు. ఆయనకు ముందు పన్ను విరిగి ఉంటుంది. నవ్వినప్పుడు కనిపిస్తుంది," అంది.

"కనిపియ్యదు బిడ్డా. మార్చురీల ఉన్నడు. మీకు దొరికింది ముందుగాల మాకు జెప్పాలె, మా భాషల జెప్పాలె. ఆ కుర్చీల మాలోడే కూసోవాలె. గప్పటిదాక ఒక్కడు సుత పండడు!"

"సబ్‌కో క్యాన్సిల్! పేర్లు రాయుండ్రి!" తౌసీఫ్ ఊగిపోయాడు.

"రాస్కో. ఒకటో పేరు గంగన్నది రాయి," అంది వెనక నుంచి ఒక గొంతు. తర్వాత పద్నాలుగు గొంతులూ తమ తమ పేర్లు చెప్పాయి.

డాక్టర్లందరికీ పాఠం చెప్పాడన్నాను కదా? ఆ హాల్లో ఉన్న కాబోయే డాక్టర్లు తొమ్మిది మందే, అందులోనూ ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. నా నోరు పెద్దది, ఏం చేయను!

వారం తిరగకుండా లింబాద్రిని విమానం ఎక్కించారు. జువేరియా ఉద్యోగం పోయింది. గురువారం బస్సు వచ్చి క్యాంపు ముందు అరగంట హారన్ కొట్టింది, ఒక్కడూ ఎక్కలేదు. కొత్త పొట్టలు వెతుక్కుంటూ అల్ సువైక్‌లో ఇంకో కంపెనీ క్యాంపుకు పోయింది. అప్పటికే కబురు విన్న అక్కడివాళ్లు గేటు దగ్గరే వరసగా నిలబడి చొక్కాలు ఎత్తారు. అందరి పొట్టల మీదా గీత ఉంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. విరిగిన పన్ను సంగతి చెప్పిన ఆ అమ్మాయి. అలాంటి అమ్మాయి ఎవరూ లేవలేదు. గంగన్న ముఖం ఆ హాల్లో ఒక్కరికీ గుర్తులేదు. ఒక్కరైనా ఉంటే బాగుండునని నేనే లేపి నిలబెట్టాను. సువైక్ గీతలు మాత్రం నిజం.