ముందు మంచి కాలు

ఇరవై రెండేళ్లు క్రేను నడిపిన మనిషిని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతామంటే ఒళ్లు మండదా? అక్కయ్యకు మండింది. యార్డులో అందరూ ఆమెను అక్కయ్య అనే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా. క్రేను నిచ్చెన దిగుతూ ఆఖరి మెట్టు మీద జారి ఆమె కుడి తుంటి విరగ్గొట్టుకున్న వారానికే మేనేజరు ఆ కుర్చీ తెప్పించి గేటు దగ్గర పెట్టించాడు. చక్రాల కుర్చీ, దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు.

"సాయం లేకుండా అరవై రెండు మెట్లూ ఎక్కితే క్యాబిన్ నీదే. మధ్యలో దిగావంటే కుర్చీయే" అన్నాడు.

ఐదు నెలలు ఫిజియోథెరపీ. ఆ థెరపిస్టు పిల్ల బక్కపలచగా ఉంటుంది గానీ పట్టిన పట్టు విడవదు. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తమంటుంది. పక్కకు తిరిగి కాలెత్తమంటుంది. పది లెక్కపెట్టాక తీరిగ్గా "ఇంకో ఐదు" అంటుంది. అక్కయ్య తిట్టేది, తిడుతూనే ఎత్తేది. ఇంట్లో పళ్లు తోముకుంటూ కూడా గోడ పట్టుకుని కుడికాలి మీద నిలబడేది.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. రెండో కాలు అదే మెట్టు మీదికి తెచ్చుకోండి. ఆ తర్వాతే పై మెట్టు" అంది థెరపిస్టు వందోసారి.

"చంటిపిల్ల ఎక్కినట్టా?"

"చంటిపిల్ల పడినా లేస్తుంది. మీరు పడితే నా ఐదు నెలల కష్టం నీళ్లపాలే."

పరీక్ష రోజు పొద్దున్నే యార్డంతా నిచ్చెన కింద చేరింది, థెరపిస్టు పిల్ల కూడా వచ్చింది. అక్కయ్య బెల్టు బిగించుకుని ఎడమ కాలు ముందు పెట్టింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ ముప్పై దాటింది.

"ఈ లెక్కన పైకి చేరేసరికి మనందరికీ రిటైర్‌మెంటు వస్తుంది!" అన్నాడు మేనేజరు. ఒకరిద్దరు నవ్వారు.

అక్కయ్యకు పౌరుషం ముంచుకొచ్చింది. పాత రోజుల్లోలా కుడికాలు ముందు వేసి జోరుగా రెండు మెట్లు ఎక్కింది. మూడో మెట్టుకు తుంటిలో కత్తి దిగినట్టయింది.

మేనేజరు రెండు చేతులూ పైకెత్తాడు. క్రేను పనిలో ఆ సైగ ఎవరు చేసినా ఆగాల్సిందే. మళ్లీ కదలమని చెప్పే హక్కు మాత్రం ఒక్క సైగల మనిషికే ఉంటుంది. ఆ సైగల మనిషి అక్కయ్య మరిదే.

ఆమె ఆగింది, దిగలేదు. బరువంతా ఎడమ కాలి మీద వేసి, ఊపిరి పీల్చి, నొప్పి తగ్గేదాకా అలాగే ఉండిపోయింది. పాపం, మేనేజరుకు తెలియలేదు గానీ ఆమెకు అప్పుడు కావలసింది ఆ విశ్రాంతే.

"దిగమని చెప్పవయ్యా!" అరిచాడు మేనేజరు.

పడిన రోజు వదినను మోసింది మరిదే. అయినా తలెత్తి, ఆమె ముఖం చూసి, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. పైకి.

ఎడమ కాలు ముందు, కుడికాలు పక్కకు. ఇక ఎవరు నవ్వినా ఆమె లక్ష్యపెట్టలేదు. అరవై ఒకటి, అరవై రెండు. క్యాబిన్ తలుపు ధడాలున మూసుకుంది, హారన్ మోగింది. కింద థెరపిస్టు పిల్ల ఎగిరి గంతేసింది.

క్రేను కొక్కెం మెల్లగా గేటు వైపు దిగింది. మరిదికి ఒక్క క్షణంలో అర్థమైంది. నవ్వు ఆపుకుంటూ గేటు దగ్గరికి వెళ్లి, కొక్కేనికి బెల్టు వేసి బరువు కట్టాడు, వేలు తిప్పాడు. కొత్త కుర్చీ గాల్లోకి లేచి, యార్డంతా దాటుకుని, మేనేజరుకు రెండడుగుల దూరంలో చప్పుడు లేకుండా దిగింది.

"కూర్చోండి సార్" అన్నాడు మరిది. "రోజంతా మెడెత్తి చూడాలి కదా మీరు."