మా ఇంటి పిలాస్టర్

పెళ్లయిన కొత్తలో ఏది చూసినా ముద్దుగానే ఉంటుంది, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడినా సరే. ఇళ్ల నమూనాలు గీసే ఆఫీసులో పనిచేసే కొత్తకోడలికి అత్తవారింటి హాలు గోడ మీది రెండు అర స్తంభాలు మరీ ముద్దొచ్చాయి.

"ఇవి స్తంభాలు కావు తెలుసా? పిలాస్టర్లు," అంది మొగుడితో, ఒకదాని అంచు వేలితో నిమురుతూ.

"ప్లాస్టరా?"

"ప్లాస్టర్ కాదు బాబూ, పి-లా-స్ట-ర్! గోడలోంచి కాస్త ముందుకొస్తాయి, అంతే. కింద దిమ్మె, పైన పువ్వుల తలకట్టు. చూస్తే ఇంటి కప్పంతా వీటి నెత్తి మీదే ఉందనిపిస్తుంది. మోసేది మాత్రం వెనకాల గోడ."

"ఉత్త సోకన్నమాట." మొగుడు గొంతు తగ్గించాడు. "అయితే మా ఇంట్లో రెండు కాదు, మూడున్నాయి."

మూడోది మొగుడి అన్నయ్య. పనిచేసే కంపెనీ మూతపడ్డాక బావగారు ఇంటిపట్టునే ఉంటున్నారు. కాఫీ కప్పు పట్టుకుని సరిగ్గా ఆ గోడకే చేరగిలబడి ఇల్లంతా అజమాయిషీ చేస్తారు. కుళాయి కారుతోందని అందరికంటే ముందు కనిపెట్టేది ఆయనే. బాగు చేయించేది మాత్రం ఇంకెవరో.

ఆ పూట మొగుడూ పెళ్లామూ గదిలో కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. అప్పట్నించీ అది వాళ్లిద్దరి రహస్యపు మాటైపోయింది. "పిలాస్టర్ లేచిందా?" "లేచింది. పేపరు చదువుతోంది."

గుట్టుగా ఉంటే ఏ గొడవా ఉండకపోను. ఒక ఆదివారం పొద్దున కాఫీలు పంచుతూ, "ఇది పిలాస్టర్ గారికి," అనేసింది కొత్తకోడలు.

"ఎవరమ్మా ఆయన?" అన్నారు బావగారు, కప్పు అందుకుంటూ.

ఆమె నాలుక కరుచుకుంది. మొగుడే అందుకున్నాడు. "నువ్వే అన్నయ్యా! వీళ్ల చదువులో స్తంభాన్ని అలా అంటార్లే. ఇంటికి మూలస్తంభం నువ్వేనట."

బావగారి ముఖం చాటంతయింది. "ఏమే, విన్నావా? మన మరదలు పిల్ల నాకేం పేరు పెట్టిందో!"

తోడికోడలు వంటింట్లోంచి వచ్చి నవ్వుతూ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ తర్వాత సింకు దగ్గర కొత్తకోడలి చెంప తడిచేత్తోనే నిమిరింది. "కంపెనీ పోయాక ఆయన్ని అంత పెద్దమాట అన్నవాళ్లు లేరమ్మా," అంది. కొత్తకోడలు తలెత్తకుండా కప్పులు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. గదిలోకి వెళ్లాక మొగుడు కన్ను కొడితే మొదటిసారి నవ్వు రాలేదు.

నిజం చెప్పేయాలనుకుంటూనే ఉంది. చెబుదామని వెళ్లిన ప్రతిసారీ ఆయన వెన్ను నిటారుగా పెట్టుకుని కనిపించేవారు.

ఇలా ఉండగా ఒకరోజు ఆమె భోజనం డబ్బా ఇంట్లోనే మరిచిపోయింది. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాన్ని పట్టుకుని ఆఫీసుకే వచ్చేశారు.

"ఎవరండీ మీరు?" అంది ఆమె పై అధికారి, కంప్యూటరు ముందునుంచి తల తిప్పి.

"ఈ అమ్మాయి బావగార్ని. వాళ్లింటి పిలాస్టర్ని!"

అధికారి పకపకా నవ్వింది. "భలేవారండీ! పొద్దున్నించీ మేం ఇక్కడ వాటినే పీకుతున్నాం. రండి, చూడండి. ఇవన్నీ తీసేసినా ఇల్లేం కూలదు. ఉత్త అలంకారమే కదా!"

తెర మీద స్తంభాలు ఒకటొకటిగా మాయమవుతున్నాయి, వెనక గోడ చెక్కుచెదరకుండా నిలబడే ఉంది. బావగారు చూశారు. తర్వాత ఆయనా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

"మూత వదులుగా ఉందమ్మా, వంచకు," అని డబ్బా ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

కొత్తకోడలికి తల కొట్టేసినట్టయింది. మెట్ల మీద అందుకుంది ఆయన్ని. దిగుతూ దిగుతూ ఒక జవాబు కూడా కూర్చుకుంది.

"బావగారూ! పొడుగాటి గోడలుంటాయి చూడండి, వాటికి కొన్ని పిలాస్టర్లు బలం కూడా ఇస్తాయండీ. నిజంగానే."

"నువ్వు నన్నన్నది ఆ రకమేనా?"

అవునంటే సరిపోయేది. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన కమ్మీ మీద చెయ్యేసి కిందికి చూస్తూ నిలబడ్డారు. "వాడూ నవ్వాడా?"

మొదట అన్నది మీ తమ్ముడే అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదేం బుద్ధి అని తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఇద్దరం నవ్వామండీ."

ఆయన తలూపారు. తిట్టి ఉంటే ఎంత బాగుండునో అనుకుంది.

"మీ అక్కకి మాత్రం చెప్పకు," అన్నారు. "కనబడిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. ఉన్నట్టుండి నువ్వు మానేశావనుకో, ఏమైందని అడుగుతుంది. ఆవిడ ముందు అలాగే పిలువు."

"నా వల్ల కాదండీ."

"పిలువమ్మా. ఎప్పటిలా, గారు చేర్చి."

"అలాగేనండీ," అంది.

అప్పటికే ఆయన సగం మెట్లు దిగిపోయారు. వినపడలేదు కాబోలు, ఆగి పైకి చూశారు. ఆమె గొంతు పెంచి ఆ మాటే మళ్లీ చెప్పాల్సి వచ్చింది.