అన్నం మానేసిన మిల్లు యజమాని ఇంట్లో నేను

నేను ఒక కరెంటు రైస్ కుక్కర్ని. కడుపులో ఇన్ని బియ్యం, ఇన్ని నీళ్లు పోసి మీట నొక్కితే ఉడికించి పెట్టి, అయిపోయిందని టక్కుమని చెప్తాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. మనుషులకు విద్యలు ఎక్కువ. అందుకే వాళ్లకు అన్నం తినడం కూడా ఒక చర్చనీయాంశమైంది.

పుట్టింది కోయంబత్తూరు దగ్గర ఒక కర్మాగారంలో. అల్యూమినియం రేకును యంత్రం ఒక్క గుద్దు గుద్దితే నా గిన్నె తయారైంది. అడుగున ఒక స్ప్రింగు, ఒక అయస్కాంతం బిగించి, తెల్లరంగు పూసి, ఒంటిమీద గులాబీ పువ్వు బొమ్మ అంటించారు. ఆ పువ్వెందుకో నాకు నేటికీ తెలియదు.

నన్ను మొదట కొన్నది అలివేణి అనే బ్యాంకు ఉద్యోగిని. మండపేటలో ఒక డాబా ఇంటి పైవాటాలో అద్దెకుండేది. ఒంటరి మనిషి కాబట్టి అన్నం, ఉప్మా, గుడ్లు, అన్నీ నాలోనే. ఒకసారి పాలు కాచి నా ఒళ్లంతా పొంగించి, తర్వాత నన్నే తిట్టింది. భోపాలుకు బదిలీ అయినప్పుడు సామానులో చోటు చాలక, నన్ను కింద వాటాలో ఉన్న ఇంటావిడ మాణిక్యాంబ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మాణిక్యాంబ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "గంజి వార్చకపోతే అది అన్నవెలా అవుద్దమ్మా?" అని, ఫ్రిజ్జు మీద కూర్చోబెట్టి పైన ఓ తువ్వాలు కప్పింది. చాలాకాలం నేను ఆ ఇంట్లో చుట్టానికి మల్లే ఉన్నాను. తర్వాత ఆవిడకు మణికట్టు నొప్పి వచ్చింది. అన్నం గిన్నె ఎత్తి గంజి వార్చడం కష్టమైంది. అప్పుడు తువ్వాలు తీసి, తప్పదన్నట్టు మీట నొక్కింది. వారం తిరక్కుండానే పక్కింటావిడతో, "బానే వండుతుంది పాపం, నోరెత్తదు," అంటుంటే విన్నాను. నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

ఆవిడ భర్త బులివీర్రాజు. ఆయనది బియ్యం మిల్లు. ఆయన నడిచొస్తుంటే బొజ్జ ముందు వచ్చేది, ఆయన తర్వాత వచ్చేవాడు. ముద్దపప్పు, గోంగూర, చేపల పులుసు, పెరుగు, ఒక్కోదానికీ వేరే వేరేగా అన్నం పెట్టించుకునేవాడు. నాలుగోసారి అన్నం అడుగుతున్నప్పుడు మాత్రం, "మన బియ్యం ఎలా ఉన్నాయో చూడాలి కదే, యాపారం," అనేవాడు. ఆయనకు కొన్నేళ్లుగా షుగరుంది. రాజమండ్రిలో సుగుణకుమారి అనే డాక్టరమ్మ దగ్గర చూపించుకునేవాడు. ఆవిడ కొత్తగా ఒక మాత్ర రాసింది. ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలోంచి బయటికి తోసేసే రకం మాత్ర. దాంతో బాగానే ఉన్నాడు.

ఇంతలో ఎరువుల కొట్టు చిట్టిబాబు సన్నబడ్డాడు.

చిట్టిబాబు బులివీర్రాజుకు చిన్ననాటి స్నేహితుడు. బొజ్జల్లో ఇద్దరూ సమానస్తులు. అలాంటివాడు కొన్ని నెలలు కనబడకుండా తిరిగి, ఒకరోజు కొత్త చొక్కా లోపలికి దోపుకొని మా ఇంటికొచ్చాడు. బులివీర్రాజు ముఖం చూడాలి అప్పుడు!

"ఏరా, జబ్బేమైనా చేసిందా?"

"జబ్బేటి? కీటో! అన్నం, గోధుమలు, పంచదార, దుంపలు బందు. మాంసం, గుడ్లు, నెయ్యి, ఆకుకూరలు నీ ఇష్టం. పిండి పదార్థం లేకపోతే ఒళ్లు సొంత కొవ్వునే కాల్చుకుంటుంది. నిన్ను నువ్వే వండుకోవడం అన్నమాట!"

"అన్నం మానేసి బతకొచ్చంటావా?"

"నేను బతికే ఉన్నాను కదరా!"

మర్నాటి నుంచి బియ్యం మిల్లు యజమాని అన్నం మానేశాడు.

డాక్టరమ్మకు చెబుదామని మాణిక్యాంబ అంటే, "ఆవిడకు చెప్తే వద్దంటది. సన్నబడి ఎదురుగా నిలబడితే ఆవిడే నోరెళ్లబెడతది. నువ్వు మాత్రం చెప్పకు," అని ఒట్టు వేయించుకున్నాడు. మాత్ర మాత్రం మానలేదు. డాక్టరుకు చెప్పకుండా మాత్ర మానకూడదని ఆయనకు తెలుసు. డాక్టరుకు చెప్పకుండా తిండి మార్చకూడదన్న సంగతే తోచలేదు.

మొదటి వారంలో తలనొప్పి, నీరసం, నోరంతా అదో వాసన. బరువు మాత్రం గబగబా దిగింది. అందులో ఎక్కువ భాగం ఒంట్లో నీరేనని తర్వాత తెలిసింది. అప్పటికైతే వీధిలో అందరికీ నడుం చూపించుకున్నాడు. చిట్టిబాబు సన్నటి కాగితపు ముక్కలున్న సీసా ఒకటి తెచ్చిచ్చాడు. మూత్రంలో ముంచితే కీటోన్లు ఎన్ని ఉన్నాయో రంగు మారి చెప్తాయట. ఎంత ముదురు ఊదా వస్తే అంత గొప్పని బులివీర్రాజు తీర్మానించుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆ ముక్క పట్టుకొని వంటింట్లోకి వచ్చి, "చూడవే, ఇవాళ వంకాయ రంగు!" అనేవాడు. మాణిక్యాంబ కాఫీ గ్లాసు పక్కకు జరిపి, "దాన్ని ఇక్కడికి తేకండి బాబూ," అనేది.

ఆవిడ సంగతి ఎవరూ అడగలేదు. ఎదురుగా తింటే ఆయన కళ్లు కంచం మీదే ఉంటాయని, వంటింటి తలుపు చాటున నిలబడి, చల్లారిన అన్నం గబగబా నాలుగు ముద్దలు మింగేది. నేను వండేది వేడిగా, ఆవిడ తినేది చల్లగా. ఆ ఇంట్లో నాకు నచ్చని పద్ధతి అదొక్కటే.

ఇలా ఉండగా రాజమండ్రి నుంచి హోటలు శేషగిరి బియ్యం బేరానికి వచ్చాడు. పెద్ద బేరం. కొత్త పంటలోంచి గుప్పెడు బియ్యం నాలో వండించి రుచి చూపించడం మా ఇంటి రివాజు. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, మెతుకు వేళ్లతో నలిపి చూసి, తల ఊపాడు. తర్వాత నవ్వుతూ, "మీరూ ఓ ముద్ద తినండి, రాజుగారూ," అన్నాడు.

బులివీర్రాజుకు దిక్కు తోచలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకోగానే జేబులోంచి ఫోను తీసి, మోగని ఫోనుకు "ఊఁ, ఊఁ" అంటూ పెరట్లోకి నడిచి, మల్లెపొద వెనక ఊసేశాడు. పెరటి కిటికీ పక్కనే శేషగిరి కూర్చున్నాడు. అంతా చూశాడు. కాఫీ తాగి, మళ్లీ కబురు చేస్తానని లేచాడు. కబురు రాలేదు.

నాలుగు రోజుల్లో మిల్లు మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అయ్యగారూ, మన బియ్యంలో ఏదో మందు కలుపుతున్నారని ఊళ్లో అనుకుంటన్నారండి. ఓనరే ఊసేశాడంటండి."

"అనుకోనీరా. ఇవాళ ఏ రంగొచ్చిందో తెలుసా?" అన్నాడు బులివీర్రాజు. మేస్త్రికి ఏం అర్థమైందో గాని, నమస్కారం పెట్టి వెనక్కి నడిచాడు.

ఆ వారం చిట్టిబాబు ఉపవాసం కూడా ఉంటే ఇంకా బాగా కరుగుతుందన్నాడు. బులివీర్రాజు శుక్రవారం రాత్రి తినలేదు. శనివారం పొద్దున్న తినలేదు. మంచినీళ్లు తాగడానికి కూడా మనసొప్పలేదు, బరువు పెరుగుతుందని. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. కడుపులో నొప్పి. భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూలబడి, మైలు దూరం పరిగెత్తినవాడిలా గట్టిగా ఊపిరి తీస్తున్నాడు.

మాణిక్యాంబ భయపడి షుగరు చూసే మిషను తెచ్చింది. వేలు గుచ్చితే నూట నలభై ఎనిమిది వచ్చింది.

"చూశావా!" అన్నాడాయన, రొప్పుతూనే. "ఇంత మంచి షుగరు నాకు ఏనాడుందే? ఏం కాదు. చిట్టిగాడికి ఫోను చెయ్యి."

చిట్టిబాబు ఫోనులో, "అలవాటు పడేదాకా అలాగే ఉంటది వదినా, ఉప్పు నీళ్లు పట్టించు," అన్నాడు. పట్టించింది. అవీ బయటికొచ్చేశాయి. ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. పిలిస్తే పలుకు ముద్దగా వస్తోంది.

మాణిక్యాంబ ఫోను తీసింది, మళ్లీ బల్ల మీద పెట్టేసింది. వేసిన ఒట్టు భర్త మీద. ఆఖరికి, "మీరు బతికుంటే కదా ఒట్టు తగిలేది," అని ఆయన వైపు చూసి గట్టిగా అనేసి, డాక్టరమ్మకు ఫోను చేసింది.

"షుగరు బానే ఉందండమ్మా, మనిషే బాగోలేదు," అంది. అవతల నుంచి ఏవో ప్రశ్నలు. "అన్నం తినట్లేదండి. నెలలైందండి... కీటో అంటండి... మాత్ర వేసుకుంటన్నారండి, ఇవాళ పొద్దున కూడా... ఆయ్, ఊపిరి గట్టిగా తీస్తన్నారండి." అంతలో ఆవిడ ముఖం పాలిపోయింది. "ఇప్పుడేనా అండి? షుగరు బానే ఉంది కదండి?... ఆయ్, బయలుదేరుతున్నామండి."

చిట్టిబాబే కారు తెచ్చాడు. బులివీర్రాజును ఎత్తి వెనక సీట్లో పడుకోబెడుతూ, "నాకేం కాలేదు కదరా, నీకెందుకయిందిరా?" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

ఇంటికి తాళం పడింది. నేను ఖాళీ గిన్నెతో కూర్చున్నాను. ఆయన కంచం పక్క బల్ల మీదే బోర్లించి ఉంది. ఆయన నాలుగోసారి అన్నం అడగడం గురించి నేను వెటకారమాడాను గాని, ఆ అడగడం మళ్లీ వినబడకపోతే ఈ ఇంట్లో నాకేం పనుంటుందా అనిపించింది.

రెండు రోజుల తర్వాత మాణిక్యాంబ వచ్చింది. నన్ను బట్టల బుట్టలో పెట్టి, పైన రెండు చీరలు కప్పి, రాజమండ్రి నర్సింగ్ హోముకు తీసుకెళ్లింది. అక్కడ గదుల్లో వంట నిషిద్ధమట. అందుకని మంచం కింద దాచి, తలుపు వేసి, మీట నొక్కింది. జావ చేద్దామని ఆవిడ ఆలోచన. నాకు మూత ఉంది గాని, ఆవిరికి నోరు ఉంది. సరిగ్గా డాక్టరమ్మ గదిలోకి వచ్చేసరికి వాసన గుప్పుమంది.

"ఏం వండుతున్నారు?" అంది సుగుణకుమారి.

"ఏం లేదండమ్మా," అంది మాణిక్యాంబ. నేను మంచం కింద టక్కుమన్నాను. నాకు అబద్ధం చెప్పడం రాదు.

డాక్టరమ్మ వంగి చూసి నవ్వింది. "ఇంకోసారి ఇక్కడ వండకండి. ఇవాళ్టికి మాత్రం పెట్టండి. ఇప్పుడాయనకు కావలసింది అదే."

బులివీర్రాజు చేతికి సెలైను సూది ఉంది. మొహం వాడిపోయినా మాట తేటపడింది. "ఇక్కడ నాకు గ్లూకోజు ఎక్కించారండి, పైగా ఇన్సులిన్ ఇచ్చారు. ఇదేం వైద్యమండీ? పెట్టడమూ మీరే, తీసేయడమూ మీరే. అసలు ఈ కీటో విషమా, మంచిదా?"

డాక్టరమ్మ కుర్చీ లాక్కొని కూర్చుంది.

"విషం కాదండీ. పిండి పదార్థం తగ్గితే కాలేయం కొవ్వులోంచి కీటోన్లు తయారుచేస్తుంది. మెదడుకూ గుండెకూ అదీ ఇంధనమే. మీ మిల్లులో కరెంటు పోతే జనరేటరు వేసుకోరూ? అలాంటిదే. దాన్ని కీటోసిస్ అంటాం. చాలామందికి దానితో ఏ ప్రమాదమూ ఉండదు."

"మరి నాకేమైందండీ?"

"జనరేటరు దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి కదా, ఎంత కావాలో అంతే నడిపించడానికి. ఒంట్లో ఆ మనిషి ఇన్సులిన్. చిట్టిబాబు గారికి షుగరు లేదు, ఆయన కాపలాదారు గట్టివాడు. మీవాడు ముందే నీరసం మనిషి. నేనిచ్చిన మాత్ర చక్కెరను బయటికి తోసేస్తుంది. మీరు అన్నం మానేశారు, ఉపవాసం ఉన్నారు, నీళ్లు తాగలేదు. ఇక చక్కెర లేదు కదా అని మీ కాపలాదారు పూర్తిగా పడుకున్నాడు. కీటోన్లు ఆపేవాడు లేక పెరిగిపోయి రక్తం ఆమ్లంగా మారింది. అది కీటో అసిడోసిస్. పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి గాని, మొదటివాడు పనివాడు, రెండోవాడు ప్రాణం తీస్తాడు. ఇన్సులిన్ ఇచ్చింది వాణ్ని ఆపడానికి, గ్లూకోజు ఇచ్చింది ఆ ఇన్సులిన్‌తో మీ షుగరు పడిపోకుండా ఉండటానికి."

"షుగరు నూట నలభై ఎనిమిదే ఉందిగా అండీ!"

"అక్కడే మోసపోయేది. ఉన్న చక్కెరను మాత్ర బయటికి పంపేస్తుంటే మిషన్లో ఎలా కనిపిస్తుంది? ఇంకాస్త ఆలస్యమైతే..." ఆవిడ ఆగి, మాణిక్యాంబ వైపు చూసింది. "మీ ఆవిడ నిజం చెప్పబట్టి సరిపోయింది."

చిట్టిబాబు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "నేను మానెయ్యాలాండీ?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"మీరు పరీక్షలు చేయించుకుంటూ చేసుకోండి. ఇంకొకరికి చెప్పేముందు మాత్రం వాళ్లు ఏ మందులు వాడుతున్నారో, డాక్టరుకు చెప్పారో లేదో అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, వీళ్లెవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు."

బులివీర్రాజుకు ఆ మాత్ర ఆపేసి వేరేది రాసింది. అన్నం పూర్తిగా మానక్కర్లేదు, కొంచెమే తిని, కూర ఎక్కువ తినమంది. ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఈలోగా ఊళ్లో ఒక మంచి జరిగింది. రాజుగారు ఆసుపత్రి పాలయ్యారని, అందుకే అన్నం ఊసేశారని తెలిసి, బియ్యంలో మందు కలుపుతున్నారన్న పుకారు దానంతటదే చచ్చింది. ఒక పరువు కాపాడటానికి ఒక మనిషి మంచానపడాల్సి వచ్చింది. మనుషుల లెక్కలు నాకు అర్థం కావు.

ఇంటికి బయలుదేరే రోజు మాణిక్యాంబ నన్ను బుట్టలో సర్దుతుంటే బులివీర్రాజు, "దాన్ని ఇక్కడే సిస్టర్లకు ఇచ్చెయ్యవే. ఇంట్లో ఉంటే నా కళ్లు దాని మీదే ఉంటాయి," అన్నాడు.

"ఇచ్చేస్తే నేనేం తినాలి?" అంది మాణిక్యాంబ.

గొంతు పెంచలేదు. బుట్ట సర్దడం ఆపలేదు. "ఇన్నాళ్లూ నేనేం తిన్నానో ఎప్పుడైనా అడిగారా? తలుపెనకాల నిలబడి తిన్నాను, దొంగలాగ. మీ రంగులు నాకు చూపించారు గాని, నా కంచం మీరు చూశారా?"

కారు మండపేట చేరేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆవిడ ఒళ్లోనే ఉన్నాను.

ఇంటికి రాగానే ఆవిడ వంట చేసింది. ఆయనకు గుడ్లు, బీరకాయ కూర, అరచేతిలో పట్టేంత అన్నం వడ్డించి, మామూలుగా వంటింట్లోకి వెళ్లబోయింది. ఆయన లేచి వచ్చాడు. మూత తీస్తే చేతికి ఆవిరి కొట్టి, "అబ్బా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. నన్ను రెండు చేతులా పట్టుకొని తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, ఆవిడకు కంచం వేశాడు.

"ఇక్కడ కూర్చో. వేడిగా తిను."

"మీరు చూస్తూ ఉండలేరు కదండీ."

"ఉంటానో లేదో చూడు."

ఆవిడ కూర్చుంది. మొదటి ముద్ద కలుపుతూ ఆయన వైపు ఓరగా చూసింది. ఆయన నిజంగానే చూస్తున్నాడు, కంచం వైపు కాదు. కాసేపటికి నెయ్యి గిన్నె ఆవిడ వైపు జరిపాడు.

"వేసుకోవే. ఇన్నాళ్లూ ఇదంతా నేనే వేసుకున్నాను."