వెళ్ళొస్తా అన్న మనిషి

దయానందం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, చల్లారిపోయిన టీ పక్కన పెట్టుకుని, ఎవరో స్పెయిన్ విలేకరి రాసిన పుకారును రెండోసారి చదువుతున్నాడు. పైన పంచె లాంటి బూడిదరంగు శాలువా, కింద పైజామా. ఆఫీసు ఇంట్లోకి వచ్చి ఏడాది కావస్తోంది కదా, ఇక చొక్కా ఇస్త్రీ ఎవరి కోసం?

జర్మనీలో జీగెన్‌కి దగ్గర్లోని ఆ చిన్న ఊళ్ళో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బు ఉంది. అందులో అతని పని ఇదే. ఏ ఆటగాణ్ణి ఏ జట్టు లాక్కుపోతుందని ఎక్కడ ఎవరు రాసినా చదవాలి, అందులో నిజమెంతో తేల్చి మేనేజరుకి చెప్పాలి. సంతలో వంకాయ నొక్కి చూసి పుచ్చో మంచిదో చెప్పేస్తారే, అలాంటి పనన్నమాట. ఆటగాళ్ళు జట్లు మారడానికి ఆ రోజే ఆఖరు.

"ఏవండీ, పైనబ్బాయి ఉంటాడా, పోతాడా? తేల్చారా లేదా?" అంది జ్ఞానకుమారి, మాస్కు చెవులకి తగిలించుకుంటూ. ఆవిడ ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు.

"చూస్తున్నాను."

"చూడండి చూడండి. నన్ను చేసుకుంటానని చెప్పడానికే ఏడాది చూశారు మీరు."

దయానందం నవ్వలేదు. నవంబరులో కరోనా వచ్చిపోయిన దగ్గర్నుంచీ నోటికి రుచి లేదు, ముక్కుకి వాసన లేదు, నవ్వు కూడా వాటితోపాటే ఎటో పోయింది. తలుపు మూసుకున్న చప్పుడు విని మళ్ళీ తెర వైపు తిరిగాడు.

పైనబ్బాయి అంటే టెరెన్స్. అమెరికా పిల్లాడు, గుమ్మంలోంచి వంగి రావలసినంత పొడుగు. జట్టు మొత్తం అతని భుజాల మీదే నిలబడింది. క్లబ్బు వాళ్ళు అతనికి వీళ్ళింటి పై అంతస్తులోనే ఇల్లు ఇచ్చారు. హోటళ్ళన్నీ మూతబడ్డాక జ్ఞానకుమారి జాలిపడి కోడికూర పంపడం మొదలుపెట్టింది. గిన్నె తీసుకుని "గోయింగ్" అని అతను మెట్లెక్కబోతే వెనక్కి పిలిచింది. "పోతున్నానని అనకూడదు బాబూ. వెళ్ళొస్తా అనాలి" అని చెప్పి, నోరు తిరిగేదాకా పది సార్లు అనిపించింది. అప్పటి నుంచీ ఎదురైనప్పుడల్లా "వెల్లోస్తా అంకుల్" అనేవాడు.

పదకొండు దాటాక మేనేజరు ఫోగెల్ ఫోన్ చేశాడు. జర్మన్ భాషలో పొడిపొడిగా మాట్లాడే మనిషి.

"టెరెన్స్ బదులు చూసిపెట్టిన లిథువేనియా కుర్రాడు సాయంత్రం దాకే ఆగుతానంటున్నాడు. ఇద్దరికీ ఇచ్చుకునే స్తోమత మనకి లేదు. టెరెన్స్ వెళ్ళిపోయేదుంటే ఇతన్ని తీసుకుంటాను. ఉంటాడంటే వద్దంటాను. చెప్పు."

"అతన్నే అడిగితే?"

"అడిగితే జీతం పెంచమంటాడు. నువ్వు చెప్పు. నీ లెక్క తప్పితే కింది లీగుకి పడిపోతాం, అప్పుడు నీ ఉద్యోగమూ ఉండదు, నాదీ ఉండదు."

ఉద్యోగం పోతే వీసా సంగతేమిటో మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. ఆ సంగతి ఫోగెల్ అననూ లేదు, దయానందానికి ఎవరూ చెప్పనక్కరా లేదు.

స్పెయిన్ వాడు పోతాడన్నాడు. ఫ్రాన్సు విలేకరి ఇంకొకడు పోడన్నాడు. ఎవరి మాటలోనూ బరువు కనబడలేదు. చెత్త సంచి మూతి ముడివేసి కిందికి బయల్దేరాడు, ఊరికే కూర్చోలేక.

మెట్ల మీద టెరెన్స్ ఎదురయ్యాడు. భుజాన పెద్ద సంచి, ముక్కు దాకా మాస్కు. ఆ సంచి ప్రాక్టీసుకి వెళ్ళేటప్పుడూ ఉండేదే. దయానందం నాలుక చివర దాకా వచ్చింది, ఎక్కడికి అనే మాట. కాకినాడలో చిన్నప్పుడు, వలకి బయల్దేరుతున్న మేనమామను ఎక్కడికని అడిగినందుకు అమ్మ మూతి మీద కొట్టింది. పడవెక్కే మనిషిని అలా అడుగుతారా అని! తను ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషే, ప్రభువు మీద నమ్మకం ఉన్నవాడే, అయినా బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగడానికి ఈనాటికీ నోరు రాదు. మింగేశాడు.

గోడకి ఒత్తుకుని దారి ఇచ్చాడు. టెరెన్స్ ఒక్క మెట్టు దిగి ఆగాడు. పెద్ద చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఎన్నడూ లేనంత నిదానంగా, ఒక్క తప్పూ లేకుండా అన్నాడు.

"వెళ్ళొస్తా, అంకుల్."

"మంచిది బాబూ."

పైకి వచ్చి చేతులు కడుక్కుని, ఫోగెల్‌కి ఒక్క ముక్క రాశాడు: ఉంటాడు.

సాయంత్రం క్లబ్బు నుంచి ప్రకటన వచ్చింది. ఇటలీ జట్టొకటి, మధ్యలో వదిలేస్తే కట్టాలని ఒప్పందంలో ఉన్న సొమ్ము కట్టి టెరెన్స్‌ని విడిపించుకుపోయింది. మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం ఎక్కేశాడు. లిథువేనియా కుర్రాడు అప్పటికే ఇంకెవరికో సంతకం పెట్టాడు.

ఫోగెల్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీకు ఎవరు చెప్పారు ఉంటాడని?"

"అతనే అన్నాడండి. వెళ్ళి వస్తానని."

"దయానందం, మేము ఔఫ్ వీడర్‌జేన్ అంటాం. మళ్ళీ చూద్దాం అని. ఎప్పుడైనా, ఎవరైనా దాన్ని నమ్మారా?"

జూన్ తరవాత కొత్త పని చూసుకోమన్నాడు ఫోగెల్, మెల్లగానే. పైనింట్లో హీటరు కట్టేసి, తాళం వేసి, తాళంచెవి పోస్టులో పంపమన్నాడు.

జ్ఞానకుమారి డ్యూటీ నుంచి వచ్చి కోటు విప్పకుండానే విన్నది. "వాడికి నేను నేర్పిన మాట అదొక్కటే కదండీ. పాపం, ఇంకేమంటాడు?" అంది. అతను ఔనన్నట్టు తలూపి మెట్లెక్కాడు.

పైన బీరువా ఖాళీ, బల్ల ఖాళీ. హీటరు కట్టేశాడు. మంచం పొడుగు చాలక ఆ పిల్లాడు దాని కాళ్ళ వైపు వంటింటి స్టూలు ఒకటి జరిపి వేసుకున్నాడు. దాని మీద నాలుగు మడతలు వేసిన తువ్వాలు, తువ్వాలు మీద మడమలు ఆనిన రెండు గుంటలు.