జున్నుకి అప్పగింతలు

పొద్దున్నే టిఫిన్ దగ్గర జున్ను శ్రీకర్ ఎడమ చెవిని తినేస్తుంది. పెసరట్టు మీద కాస్త నెత్తురు చిందుతుంది. మంజీర ఆ మేరకు తుంచి పక్కన పెట్టి, మిగిలింది మళ్ళీ అతని పళ్ళెంలోకి జరుపుతుంది. కుక్క కరకరా నమిలి, మింగి, మూతి నాక్కుని, తప్పు చేసినదానిలా తల వాల్చేస్తుంది.

"నొప్పిగా ఉందా బావా?"

"నొప్పి సరేలే, నీ గొంతు అదోలా వినిపిస్తోంది. ఒక పక్క మామూలుగా, ఇంకో పక్క నూతిలోంచి వస్తున్నట్టు."

"మరి ఆ చెవి దాని కడుపులో ఉంది కదా."

శ్రీకర్ అవును కదా అన్నట్టు తలూపుతాడు. తలకి రుమాలు చుట్టుకుని, బూట్లు వేసుకుని, మంచులో ట్రాము కోసం పరుగెత్తుతాడు.

అతను వెళ్ళగానే మంజీర నేల మీద బోర్లా పడుకుని, కుక్క తెల్లటి పొట్టకి పెదవులు ఆనించి, "ఏం చేస్తున్నావోయ్?" అని గుసగుసలాడుతుంది. ఊరికి అటు చివర, ఆఫీసులో పెద్దమనుషుల మధ్య కూర్చున్న శ్రీకర్ మొహం ఎర్రబడిపోతుంది. పెళ్ళయిన కొత్తలో ఇంత సౌకర్యం ఎవరికి దొరుకుతుంది? రోజంతా ఆమె వస్తూ పోతూ ఆ పొట్టకి కబుర్లు చెబుతూనే ఉంటుంది. కుక్కర్ కూత వేసినప్పుడు దాన్ని దగ్గరికి పిలిచి మరీ వినిపిస్తుంది.

ఆ ఊరు టాంపెరే, ఫిన్లండ్‌లో, రెండు సరస్సుల మధ్య ఉంటుంది. శ్రీకర్‌ని కంపెనీ ఒక పని మీద పంపింది. ఆ పని ఉన్నన్నాళ్ళే ఇక్కడ కాపురం. ఇల్లు అద్దెది, మంచం అద్దెది, కిటికీ పరదాలు ఎవరో వదిలేసి పోయినవి. అయినా మంజీరకి ప్రతిదీ పండగే. చలికి ఇడ్లీ పిండి పులియనని మొండికేస్తే, ఒంటికి చెమట పట్టించుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఉండే సౌనా గదిలో, వేడి రాళ్ళ పక్కన ఆ గిన్నె పెడుతుంది. అంచు దాటి పొంగిన పిండిని చూసి చప్పట్లు కొడుతుంది. పక్కనే జున్ను కూడా తోకతో నేలని కొడుతుంది.

జున్నుని దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటి నుంచి తెచ్చుకున్నారు. ఆ దేశంలో ఎవరూ తెలుగు మాట్లాడరు. అక్కడ బల్ల వెనక కూర్చున్న ఆవిడ మాత్రం చక్కగా కాకినాడ తెలుగు మాట్లాడింది.

"ఇంతకీ ఎన్నాళ్ళుంటారండి మీరు ఇక్కడ?"

శ్రీకర్ మంజీర వైపు చూశాడు. మంజీర కుక్కని చూస్తోంది. అది గోడవారగా ముడుచుకుని నిద్రపోతోంది, అప్పుడే ఆకులోకి తీసిన జున్ను ముక్కలా.

"ఎప్పటికీనండి," అన్నాడు శ్రీకర్.

మంజీర అతన్ని గిల్లింది. తర్వాత నవ్వింది. ఆ రోజుల్లో వాళ్ళు ఆ మాటని పెనానికీ, దుప్పటికీ, ఒకరికొకరికీ తెగ వాడేస్తున్నారు. కుక్కకి వాడితే మాత్రం ఏం పోయింది అనుకుంది. కుక్క ఒక కన్ను తెరిచి, అతని మొహం బాగా గుర్తుపెట్టుకుని, మళ్ళీ మూసింది.

ఇవాళ పొద్దున, టిఫిన్‌కి ముందే, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పని అయిపోవచ్చింది, వచ్చే నెల బయల్దేరమన్నారు. శ్రీకర్ ఆ మాట ఎడమ చెవితో విన్నాడు. జున్ను కూడా ఆ చెవినే తీసుకుంది, ఇంకేదీ ముట్టుకోలేదు.

మర్నాడు శ్రీకర్ కంప్యూటర్‌లో విమానం టిక్కెట్లు తీస్తాడు. నొక్కాల్సింది నొక్కగానే జున్ను అతని కుడిచేతి రెండు వేళ్ళని మొదలంటా కొరికేస్తుంది. ఎముక విరిగిన చప్పుడు చెరుకు విరిచినట్టు ఉంటుంది. గోడ మీద నెత్తురు పొడుగ్గా చార కడుతుంది. టిక్కెట్లు మాత్రం వచ్చేస్తాయి. మింగిన వేళ్ళు దాని కడుపులో టకటకమని ఏదో టైపు చేస్తూనే ఉంటాయి.

"ఏం రాస్తున్నాయే?" అంటాడు శ్రీకర్, చేతికి గుడ్డ కట్టించుకుంటూ.

మంజీర పొట్టకి చెవి ఆనించి వింటుంది. "ఒకటే మాట బావా. కొట్టిందే కొడుతున్నాయి."

ఏ మాటో అతను అడగడు.

ఆ సాయంత్రం మంజీర బీరువా మీది సూట్‌కేసు దించుతుంది. అది నేలని తాకేలోపే జున్ను దాని పీక పట్టుకుంటుంది. సూట్‌కేసు పెద్దగా అరుస్తుంది. చక్రాలు గాల్లో గిలగిలా కొట్టుకుంటాయి. జున్ను దాన్ని వంటింటి నుంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి ఈడ్చి, పొట్ట చీలుస్తుంది. పెళ్ళి పట్టుచీర పేగులా బయటికి వస్తుంది, ఎర్రగా, వెచ్చగా, ఆవిర్లు కక్కుతూ. చివరి చక్రం తిరగడం ఆగేవరకూ మంజీర దాని పిడి పట్టుకుని కూర్చుంటుంది. జున్ను పట్టుచీరని చివరి పోగుదాకా మింగి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటుంది.

"నువ్వు మంచిదానివే," అంటుంది మంజీర, దాని తల నిమురుతూ. "అదే వచ్చిన చిక్కు."

ఆదివారం కాకినాడ నుంచి త్రిపురత్తయ్య వీడియోలోకి వస్తుంది. శ్రీకర్ వాళ్ళమ్మ. సినిమా రోడ్డు దగ్గర బ్యూటీ పార్లర్ నడుపుతుంది. కొడుకు తలకట్టు చూసి, "ఏవిట్రా ఆ వేషం, క్షవరం చెడిందా?" అంటుంది. ప్రయాణం సంగతీ కుక్క సంగతీ విని, దారం చుట్టుకున్న చూపుడువేలు తెర మీదికి ఆడిస్తుంది.

"కుక్కా వద్దు, గిక్కా వద్దు. ఆ బొచ్చుతో ఇక్కడికొస్తే మన ఎండకి వారం బతకదు. ఎవరికైనా అప్పగించేసి శుభ్రంగా విమానం ఎక్కండి. ఏమ్మా మంజీరా, వింటున్నావా? ఏయ్ కుక్కా, నువ్వక్కడే ఉండు!"

జున్ను ఎగిరి, తెరలోకి మూతి దూర్చి, ఆ వేలిని పట్టుకుంటుంది. త్రిపురత్తయ్య అటు లాక్కుంటుంది, కుక్క ఇటు లాగుతుంది. కాకినాడలో కుర్చీ పడిన చప్పుడు టాంపెరేలో వినిపిస్తుంది. దారంతో సహా వేలు ఊడి వస్తుంది.

"ఓరి నీ దుంపతెగ! రేపు పెళ్ళికూతురి కనుబొమలు ఎవడు తీస్తాడ్రా?" అని అరిచి అత్తయ్య ఫోన్ పెట్టేస్తుంది.

అప్పుడు శ్రీకర్‌కి నిజంగా కోపం వస్తుంది. చపాతీ కర్ర తీసుకుని కుక్క డొక్కలో కొడతాడు. జున్ను కదలదు. లేని చెవిలో ఉరుము పడి శ్రీకర్ కెవ్వుమంటాడు. మళ్ళీ కొడతాడు. ఈసారి లేని వేళ్ళు చితికి, ఉన్న చెయ్యి వంకర పోతుంది. ఇంకా గట్టిగా కొడతాడు. కుక్క నోట్లోంచి నెత్తుటి నురగ, అతని ముక్కులోంచి నెత్తురు ఒకేసారి కారతాయి. వాళ్ళిద్దరూ ఒకే లయలో రొప్పుతారు. మంజీర కర్ర లాక్కుని పొయ్యి వెనక పారేస్తుంది.

"దాన్ని చంపితే నిన్నే చంపుకుంటావు బావా!"

"అయితే ఏం చెయ్యమంటావ్? ఇక్కడే ఉండిపోదామా? ఆ మాట ఏదో సరదాకి అన్నాను!"

"అది సరదాకి వినలేదు."

మంజీర ఒకే గుడ్డతో అతని ముక్కూ, కుక్క మూతీ తుడుస్తుంది. గుడ్డ మీద రెండు నెత్తుర్లూ ఒకే రంగులో కలిసిపోతాయి. ఆ రంగు తన పెళ్ళి చీర రంగేనని ఆమె గమనిస్తుంది. చిత్రంగా ఆ చిన్న సంగతికి కూడా ఆమెకి సంతోషం కలుగుతుంది.

మర్నాడు జున్నుని తీసుకుని, తెచ్చిన చోటికే వెళతారు. బల్ల వెనక ఆవిడ తల ఎత్తుతుంది.

"అయిపోయిందాండీ మీ ‘ఎప్పటికీ’, అప్పుడే?"

ఆవిడ విసుక్కోకుండా వెనక తలుపు తీసి చూపిస్తుంది. ఆ గది రైలంత పొడుగు. అందులో వదిలేసిన కుక్కలున్నాయి. ఒకదాని డొక్కలో గడియారం కొట్టుకుంటోంది. ఒకదాని కడుపులో పసిపిల్ల నవ్వుతోంది. ఇంకొకటి నోరు తెరిస్తే ఎవరిదో మగ గొంతు, "ఇదుగో, ఇప్పుడే వచ్చేస్తా," అంటోంది. నమలడానికి ఇంకెవరి మాటా దొరక్క అవి ఒకదాన్నొకటి నములుతున్నాయి. నేలంతా బొచ్చు, పళ్ళు, తడి.

"ఇక్కడే వదిలెయ్యొచ్చండి," అంటుంది ఆవిడ. "సాయంత్రానికి మిగతావి దీన్ని పంచుకుంటాయి. మీ చెవి ఎవరి వాటాకి వస్తుందో నేను చెప్పలేను."

జున్ను మంజీర కాళ్ళ మధ్య దూరి వణుకుతుంది. ముగ్గురూ ట్రాములో తిరిగొస్తారు. దారి పొడుగునా కుక్క కడుపులో వేళ్ళు టైపు చేస్తూనే ఉంటాయి.

బయల్దేరే రోజు, కంపెనీ ఇంకో పని మీద పంపిన అమలాపురం వాళ్ళు దిగుతారు. ఫణీంద్ర, అతని భార్య దమయంతి. ఈ ఇంట్లోనే ఉంటారు. దమయంతి గుమ్మంలోనే కుక్కని చూసి మురిసిపోతుంది.

"ఎంత బాగుందక్కా! మాకిచ్చేస్తారా?"

"ఇవ్వడం కాదు, అప్పగిస్తాను," అంటుంది మంజీర. "ఊరికే తాడు చేతిలో పెట్టి పోతే ఎలా? దానికీ ఒక పద్ధతి ఉండాలి కదా."

అప్పగింతలు అంటే ఆమెకి ఒక్కసారే తెలుసు. పెళ్ళి మండపంలో వెండి పళ్ళెం నిండా పాలు పోశారు. నాన్న ఆమె రెండు చేతులూ పట్టుకుని అందులో ముంచి, తీసి, త్రిపురత్తయ్య చేతుల్లో పెట్టారు. నాన్న నవ్వబోయి ఏడ్చారు. పాలు మోచేతుల దాకా కారి, గాజుల్లో నిలిచాయి. ఇంకా ఆ తడి ఆరినట్టు అనిపించదు ఆమెకి.

ఇక్కడా అదే వెండి పళ్ళెం. అందులో పాలు పోస్తుంది. జున్ను బుద్ధిగా ఎదురుగా కూర్చుంటుంది. పక్కనే దమయంతి చేతులు చాపి నిలబడుతుంది. మంజీర కళ్ళు మూసుకుంటుంది. నాన్నని తలుచుకుని, తన చేతులే పాలల్లో ముంచేస్తుంది.

"మంజీ!" అంటాడు శ్రీకర్. "ముంచాల్సింది దాని కాళ్ళు! నీ చేతులు కాదు!"

ఆమె కళ్ళు తెరిచేసరికి జున్ను ముందుకాళ్ళు రెండూ ఎత్తి, ఆమె తడి చేతుల్ని అందుకుని, గుండెకి ఆనించుకుని ఉంది. దమయంతి చేతులు ఖాళీగా గాలిలో మిగిలిపోయాయి.

"అయిపోయిందిగా బావా," అంటుంది మంజీర నెమ్మదిగా. "ఇచ్చేశారు నన్ను."

జున్ను నోరు తెరుస్తుంది, మర్యాదగా, వీధి తలుపు రెండు రెక్కలూ తీసినట్టు. కింది పళ్ళ వరస గడపలా ఉంది. దాని మీద బియ్యం చెంబు ఉంది. లోపల దీపం వెలుగుతోంది. గోడకి చెవి వేలాడుతోంది. దండెం మీద పట్టుచీర ఆరేసి ఉంది. గడప దగ్గర త్రిపురత్తయ్య వేలు, దారం చుట్టుకుని, అడ్డంగా నిలబడుతుంది. కొత్త పెళ్ళికూతురు ఎవరితో వచ్చిందో పేరు చెబితే గానీ దారి ఇవ్వదు.

"నేనూ, మా జున్నూ వచ్చాం," అంటుంది మంజీర.

వేలు పక్కకి తప్పుకుంటుంది. ఆమె కుడికాలు ముందు పెట్టి చెంబుని తోస్తుంది. బియ్యం ఎర్రటి నాలుక మీద జలజలా పారతాయి. పళ్ళు భుజాలకి గీరుకుని చర్మం చీలుతుంది. ఆమె తల వంచి, పైట సర్దుకుని లోపలికి వెళుతుంది.

గోడ మీది చెవిలోకి వంగి, "బావా, ఇక్కడ పిండి భలే పులుస్తుంది! రా!" అంటుంది.

బయట శ్రీకర్ ఆ మాట స్పష్టంగా వింటాడు. వీధిలో టాక్సీ హారన్ మోగుతుంది.

"నేనూ, మా మంజీరా వచ్చాం," అంటూ అతను గడప దాటతాడు. తల వెళుతుంది, చేతులు వెళతాయి, కుడికాలు వెళుతుంది. ఎడమ పాదం మాత్రం టాక్సీ వైపే తిరిగి ఉంటుంది. జున్ను కాసేపు ఆగుతుంది. పాదం తిరగదు. అప్పుడు షట్టరు దించినట్టు పళ్ళు మూస్తుంది.

ఫణీంద్ర గోడకి అతుక్కుపోతాడు. దమయంతి మోకాళ్ళ మీద కూర్చుని, కుక్క పొట్టకి నోరు ఆనిస్తుంది.

"అక్కా, మేము ఆర్నెల్లకే వచ్చాం. ముందే చెబుతున్నాం. మరి మేము దీన్నా, ఇది మమ్మల్నా, ఎవరు ఎవర్ని పెంచుతున్నట్టు?"

లోపల్నుంచి ఆవాలు చిటపటలాడిన చప్పుడు వస్తుంది. జున్ను ఆమె అరచెయ్యి నాకుతుంది. దాని ఊపిరి తాలింపు వాసన వేస్తుంది.

తెగిన ఎడమ పాదం బూటుతో సహా మెట్లు దిగుతుంది. మంచు మీద ఒంటి వరసలో ఎర్రటి అడుగులు పడతాయి. టాక్సీ తలుపు తెరుచుకుంటుంది. విమానంలో కిటికీ పక్క సీటులో ఎవరో దానికి బెల్టు బిగిస్తారు.

కాకినాడలో త్రిపురత్తయ్య గుమ్మంలో కట్టు కట్టిన చేత్తో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"కుడికాలు ముందు పెట్టు నాయనా," అంటుంది.

పాదం గడప బయటే నిలబడిపోతుంది. కర్పూరం కొండెక్కుతుంది. ఆవిడ మళ్ళీ వెలిగిస్తుంది. మళ్ళీ కొండెక్కుతుంది. అప్పుడు చూస్తుంది, చీలమండ దగ్గర, తెగిన చోట, తెల్లటి చిన్న తోక మొలిచి ఉంది. అది ఆశగా ఊగుతోంది.

త్రిపురత్తయ్య పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, బూటు ముక్కు మీద చెయ్యి వేస్తుంది.

"ఇంతకీ ఎన్నాళ్ళుంటావురా?"

తోక ఊగుతూ ఊగుతూ గాలిలో ఆగిపోతుంది.