హాజరు పలికిన గొంతు

మూత ఎక్కడ పెట్టాడో, మంచం కిందికి దొర్లిపోయిందేమో, పోనీలే, మూత లేకపోతే సీసాలో నీళ్ళు నిలవవా ఏమిటి, హాస్టల్లో నీళ్ళ యంత్రం చెడిపోకపోయుంటే అతను ఈ కాలేజీ మెట్లు ఎక్కేవాడే కాదు, ఎక్కి ఎన్నాళ్ళయిందో, చెప్పులు కూడా జత తప్పాయి, ఒకటి తనది, ఇంకొకటి మైకుది, మైకు అంటే గదిలో తోడుండేవాడు, వాడు గుసగుసలాడితే పక్క గదిలోంచి జవాబొస్తుందని అందరూ కలిసి పెట్టిన పేరు, ఆ మైకు ఇప్పుడు ఈ గోడకవతల క్లాసులో కూర్చుని ఉంటాడు, నిజానికి తనూ అక్కడే ఉండాలి, వరండాలో కుళాయి నీళ్ళు సన్నగా పడుతున్నాయి, క్లాసు తలుపు ఓరగా ఉంది, సారు హాజరు వేస్తున్నారు, నలభై ఒకటి, ఎస్ సార్, నలభై రెండు, అది తన నంబరు, ఎస్ సార్ అంది లోపలినుంచి ఒక గొంతు, మెత్తగా, కాస్త ముక్కుతో, అచ్చం తన గొంతే.

మైకు తన బదులు పలుకుతున్నాడని తెలియకేం, కానీ చెవులారా వినడం ఇదే మొదలు, మొదట్లో నిజంగా జ్వరమే, జ్వరం తగ్గింది గానీ లేవబుద్ధి కాలేదు, ఏరా ఇవాళా రావా, సర్లే పడుకో, నేను చూసుకుంటాలే అనేవాడు మైకు, భోజనం తెచ్చి బల్లమీద పెట్టేవాడు, అది అలాగే ఎండిపోయేది, ఫోనులో అమ్మేమో, నాన్నా, నువ్వు క్లాసులో ఉన్నావని కాలేజీ నుంచి రోజూ మెసేజ్ వస్తోందిరా, అది చూశాకే నాకు ముద్ద దిగుతోంది అంటుంది, ఆ మెసేజ్‌లోని కొడుకు ఎంత మంచివాడో, వేళకు లేస్తాడు, పిలిస్తే పలుకుతాడు, వాడొక్కడు చాలు అందరికీ, మరి మంచం మీది వీడెందుకు, వీడు అసలు లేకపోతే మాత్రం నలభై రెండు పలకదా, ఆ ఆలోచన ఒకరోజు స్నానాలగదిలో చుట్టంలా వచ్చింది, వచ్చి తిష్ఠ వేసింది, పొమ్మనడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాడు.

నలభై రెండు, ఇలా బోర్డు దగ్గరికి రా, ఈ లెక్క నువ్వు చెయ్యి, సారు గొంతు, ఎవరూ లేవలేదు, ఇప్పుడే పలికావుగా, ఎక్కడున్నావు, ఎవడు పలికాడో లేస్తాడా, పెద్ద సారు దగ్గరికి పోదామా, బెంచీ కిర్రుమంది, నేనే సార్ అన్నాడు మైకు, ఈసారి సొంత గొంతుతో, తమాషాగా ఉందా నీకు, లేదు సార్, వాడు మంచం దిగట్లేదు, తినట్లేదు, ఏమైందిరా అంటే గోడవైపు తిరుగుతాడు, నాకేం చెయ్యాలో తెలీలేదు సార్, హాజరైనా పోకుండా చూద్దామనుకున్నాను, రోజూ సాయంత్రం ఆ గది తలుపు తియ్యాలంటే నాకు భయమేస్తోంది సార్, ఆ పెద్ద గొంతు చివర్లో చీలిపోయింది.

భయమా, మైకుకా, అవును, రోజూ సాయంత్రం వాడి అడుగులు తలుపు దాకా వచ్చి ఆగిపోయేవి, ఎంతకీ లోపలికి వచ్చేవాడు కాదు, చెప్పులు విప్పుతున్నాడనుకునేవాడు తను, చెప్పులు కాదు, ధైర్యం కూడగట్టుకుంటున్నాడు, లోపల తను ఉన్నాడో లేడో అని, మెసేజ్‌లోని వాడి కోసం కాదు, మంచం మీది వీడి కోసం, ఎవరికీ అక్కర్లేదనుకున్న ఈ మాసిన చొక్కావాడి కోసం, పాదాలు చల్లబడితే కిందికి చూశాడు, సీసా ఎప్పుడో నిండి పొర్లుతోంది, కుళాయి కట్టేశాడు, తలుపు తోశాడు, అన్ని తలలూ ఇటు తిరిగాయి, మైకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నలభై రెండు నేనే సార్ అన్నాడు, ఎన్నాళ్ళో వాడని గొంతు బొంగురుగా వచ్చింది, మైకు పలికినదానికీ దీనికీ పోలికే లేదు, వాడిని ఏమీ అనకండి సార్, నాకే బాగోలేదు, చాలా రోజులుగా బాగోలేదు, సారు పెన్ను మూసి దగ్గరికి వస్తున్నారు, కూర్చో బాబూ, ముందు కూర్చో అంటున్నారు, బెంచీ చివర కూర్చున్నాడు, ఒకటి మాత్రం తెలిసిపోయింది, ఇవాళ సాయంత్రం మైకు వచ్చేసరికి తలుపు తనే తీసి ఉంచాలి.